నాలుగో మీట

పదకొండు రాత్రులు
ఒకే తలుపు ముందు నిలబడ్డా.

ఇస్కపల్లి ఉప్పుటేరు గట్టున రేకుల షెడ్డు,
మేత బస్తాల మీద
మూత విరిగిన పాత ల్యాప్‌టాప్,
అందులో ఒక దీవి, దీవిలో రాతి మేడ,
మేడ తలుపుకు నాలుగు మీటలు
ఒకదానికంటే ఒకటి పొట్టి.
గడప పైన రాతి పిట్ట
నాలుగుసార్లు నోరు తెరుస్తది, మూస్తది,
కాసేపాగి మళ్లీ తెరుస్తది.
అలంకారానికి పెట్టుంటారులే అనుకున్నా.

ఈ ఆట ఆడనోడి బతుకు దండగని
కావలి కాలేజీలో మస్తాన్‌వలి ఎక్కించిచ్చాడు.
వాడిప్పుడు నంబరు మార్చేశాడు.
ఈ గట్టు మీద నెట్టు రాదు.
అడగడానికి ఉప్పుగాలి తప్ప ఎవరూ లేరు.

పైకి, కిందికి: పదహారు రకాలు. అయిపోయినయ్.
ముందేది వెనకేది: ఇరవై నాలుగు వరసలు.
మేత కంపెనీ బిల్లు వెనక రాసుకుని
ఒక్కోటీ కొట్టేసుకుంటా
పంతొమ్మిదో దాని దగ్గిర నిద్రపోయా.
తెల్లారేసరికి బిల్లు ఓనరు పట్టుకుపోయాడు.
ఆయన డీజిల్ లెక్కల నడుమ
నా ఓటములు క్లిప్పు పెట్టుకుని భద్రంగా ఉంటయ్.

ఓనరు మాల్యాద్రి నాయుడు
పనిలో పెట్టుకున్నరోజు చెప్పింది ఒకటే:
"ఏవన్నా చేసుకో. చెవుల్లో వైర్లు మాత్రం వద్దు.
ఏరియేటర్ ఆగితే నీకు వినబడాల."
అందుకని నాకు ఆ మోత తప్ప ఏదీ వినబడదు.
రాత్రంతా చక్రాలు నీళ్లని చితగ్గొడతనే ఉంటయ్.
ఇంటికి పోయినా అరిచి మాట్లాడతా,
పక్కింటోళ్లు పోట్లాట అనుకుంటారంట.

పెంచలయ్య చెక్ ట్రే పైకి లాగి
మిగిలిన మేత టార్చి వేసి చూసుకుని
నా భుజం మీదుగా తెరలోకి వంగుతాడు.
"అవతల ఏముందబ్బయా?"
"తెలీదు."
"ఎవరుండారు?"
"ఎవరూ లేరు. ఈ ఆటలో మనుషులే లేరు."
"మరి తాళం ఎవరికోసరం ఏసినట్టు?"
ఇదొక్కటి మాత్రం బిల్లు వెనక రాసుకోలా.

పన్నెండో రాత్రి, రెండు దాటాక, కరెంటు పోయింది.
చక్రాలు ఒకదాని వెనక ఒకటి
బరువుగా ఇంకో రెండు చుట్లు తిరిగి ఆగినయ్.
సముద్రం ఇంత దగ్గిరుందని
అప్పుడే తెలిసింది.
ఆ నిశ్శబ్దంలో, బస్తాల మీంచి,
రాతి పిట్ట కూసింది.

బొంగురుగా ఒకటి. పొడుగు మీట.
మళ్లీ అదే బొంగురు.
ఒకే మీట రెండుసార్లు లాగాలని
ఎవడికి తోస్తది?
మూడోది సన్నగా, పొట్టి మీటంత సన్నగా.

అప్పటికే నా కాళ్లు పరిగెత్తుతుండాలి.
లేవలా.
పెంచలయ్య కేకని కూడా
ఇంకో కూతేమో అనుకున్నా.
"అబ్బయా, తేలుతుండయ్!"

టార్చి వెలుగులో చెరువంతా
నిప్పురవ్వల్లా కళ్లు, నీటంచున,
గాలికోసం.
బురదలో పడతా లేస్తా
జనరేటర్ దాకా పోయి
చేంజోవర్ మీట కిందికి గుంజా.
దడదడా మోత లేచి
లోకం మళ్లీ చెవిటిదైంది.

తెల్లారి ఏరితే బుట్టెడు. తక్కువే అన్నారు.
ఓనరు కరెంటోళ్లని తిట్టాడు.
పెంచలయ్య ఎవర్నీ తిట్టలా.
టీ పోస్తా, నా మొహంలోకి చూడకుండా,
"అప్పుడేం వింటుండావ్?" అన్నాడు.
చక్రాల మోతలో వినబడనట్టు
గ్లాసు అందుకున్నా.

నాలుగో కూత ఏదైతేనేం,
ఉన్నయ్యే నాలుగు మీటలు.
నాలుగుసార్లు లాగి చూస్తే
తెరుచుకోక ఎక్కడికి పోద్ది?

ఇవాళ్టికి తొమ్మిది రోజులు. ఇంకా లాగలా.
తెర వెలిగించి పెడతా.
పిట్ట నోరు తెరుస్తది, మూస్తది.
నేను చెరువు వైపు తిరిగి కూర్చుంటా.